అడ్డగడియ

ఛాయాపతిగారు కాకినాడ నుంచి వస్తూ
తెల్లటి చేతితొడుగులూ, భూతద్దమూ, సన్నటి టార్చీ తెచ్చుకున్నారు.
పెళ్ళిచూపులకి కాదండి, తుపాకీ చూపులకి.

తాళ్ళరేవు దాటాక రోడ్డుపక్కన నా కొలిమి.
ఓలేటి లచ్చప్ప కోరింగ నుంచి
సైకిలు కేరేజీ మీద గోనెలో చుట్టి తెచ్చాడు దాన్ని.
మూడు తరాలుగా వాళ్ళ తలుపుకి అడ్డగడియ అది.
తొంభైయారు గాలివానకి ఇంటికప్పు ఎగిరిపోయి
గుమ్మమూ, మూసిన తలుపూ, ఈ గడియా
నిలబడే ఉన్నాయంట, వెనకాల ఇల్లు లేకుండా.

"చెకుముకి తుపాకీ. సరుకుకి సరుకు మారకం వేసే రకం"
అన్నారాయన. ఎవరికోసమో చేసింది, దారితప్పి
ఏ ఓడలోనో ఈ రేవుకొచ్చి
బట్టల తానులకి బదులుగా ఏ ముంగిట్లోనో దిగింది.

"అయ్యో, దీన్నెవరు తోమారు?"
బారెడు గొట్టంలో మూరెడు మేర తళతళమంటోంది.
"నేనేనండి. పెద్దోరు చూత్తారు కదాని
రాత్రి చింతపండూ ఇటికపొడీ ఏసి..."
లచ్చప్ప నవ్వబోయాడు. ఆయన కళ్ళు మూసుకున్నారు.
రెండొందల ఏళ్ళ గోధుమరంగు
ఒక్క రాత్రిలో బకెట్లో పోయింది.
తుప్పులో మంచి తుప్పూ చెడ్డ తుప్పూ ఉంటాయని
ముప్పై ఏళ్ళుగా ఇనుం కొడుతున్న నాకు
ఎవరూ చెప్పలేదు.

గుర్రం మార్చారన్నారు. తుపాకీకి గుర్రం ఉంటుంది,
రాయిని నోట కరుచుకుని ఉక్కు మీదికి దూకేది.
ఇది అసలుది కాదు, మా తాతలాంటివాడెవడో
కర్రు ముక్కతో చేసి పెట్టింది. ధర ఇంకాస్త దిగింది.
నేను ఆ అతుకు మీద బొటనవేలు పెట్టి
కాసేపు తియ్యలేదు.
మంచి అతుకు.

పక్కన ఇత్తడి పాము, పడగ మీద పసుపు.
ఏటా నాగులచవితికి దానికీ ఓ చుక్క పాలు పోసేవారంట.
"కడగొద్దు, కడగొద్దు" అని
ఈసారి ముందే అరిచారాయన.

తరవాత గజం అడిగారు, గొట్టం లోతు చూడ్డానికి.
గుర్రమూ ఉంది, గజమూ ఉంది, యుద్ధమే లేదని
నేనేదో హాస్యమాడాను. ఎవరూ నవ్వలేదు.
లోపలికి దించి, మూతి దగ్గర గోటితో గుర్తు పెట్టి,
తీసి గొట్టం పక్కన ఆనించారు.
నాలుగేళ్ళు తక్కువ.
మళ్ళీ దించారు. నాలుగేళ్ళే.
"దట్టించి ఉంది" అన్నారు మెల్లిగా,
పసిపిల్ల లేస్తుందన్నట్టు.

కొలిమి ఆపేశాను.
లచ్చప్ప నేల మీద కూలబడి
గడియ వేస్తే దాని మూతి ఎటుండేదో
గాల్లో వేలితో గీసుకుంటున్నాడు:
తలుపు, గోడ, మూల, మూలన నులకమంచం,
మంచం మీద వాళ్ళమ్మ నూకరత్నం, డెబ్భై ఏళ్ళుగా.

రంజకపు చెవిలో నూనె పోసి, ఓ పూట నాననిచ్చి,
మరసూది గుచ్చి లాగాను.
ముందు సీసపు గుండు. వెనక గుడ్డపీలిక.
నీలం.
ఉప్పుగాలి సోకని చోట ఉందేమో
నిన్న తొట్టిలోంచి తీసినంత నీలం.
ఏ తానులకి మారిందో ఈ తుపాకీ
ఆ తానులో ముక్కేనేమో, కాకపోవచ్చు కూడా.
ఛాయాపతిగారు భూతద్దం కింద పోగులు లెక్కపెడుతూ
ధర సంగతి మర్చిపోయారు.
ఎవరి కోసం దట్టించారో, ఎందుకు పేల్చలేదో,
భయమో, జాలో, ఆ పూట వానో.

మందు మట్టిలా రాలింది. ఆగలేక
చిటికెడు వాకిట్లో పోసి అగ్గిపుల్ల గీశాను.
భుస్సుమంది.
ముగ్గురం ఒక్కడుగు వెనక్కి వేశాం.

తోమినందుకు తగ్గించి, గుర్రానికి తగ్గించి,
పాముకి కొంత కలిపి ఆయన నోట్లు లెక్కపెట్టారు.
పీలిక మాత్రం లచ్చప్ప ఇవ్వలేదు.
"నీకెందుకయ్యా అది?"
"ఏమోనండి. ఉండనీండి."

కారు వెళ్ళాక గోనె దులిపి మడుస్తూ
"ఓ ఇనపకడ్డీ కొట్టిపెట్టండి ఆచారిగారూ, మూడు మూరలు.
రాత్రికే కావాలండి.
గడియెయ్యకపోతే మాయమ్మకి నిద్రట్టదు."