అరగంట ఆగాలె

నాగ్‌పూర్ డాక్టరమ్మ బల్ల మీద
రెండు ప్లాస్టిక్ గొట్టాలు పెట్టింది.
"కవలలు గద, ఇద్దరూ ఉమ్మాలె.
నోరు పుక్కిలించి అరగంట ఆగాలె."
ఆమె మరాఠీని నేను తెలుగు చేసి చెప్పిన.
ఆశా వర్కర్ను, పైగా మేనత్తను.

సిరోంచ బడి వరండాల
ఓదెలు, కొమురెల్లి గోడకానుకొని కూసున్నరు.
ఒక్క గింజ పగిలి ఇద్దరైనోళ్లు,
నెత్తి మీది సుడి సుత ఒక్కతీరే.

ప్రాణహిత వంతెన మీదికెళ్లి దుంకేటోడు ఓదెలు.
ఆషాఢం ఎర్రనీళ్లల్ల
ఎక్కడ్నో అవతల తల తేలేదాక
వాని అంగీ, చెప్పులు పట్టుకొని
రెయిలింగు కాడ నిలబడేటోడు కొమురెల్లి.
ఊరంత ఓదెల్నే తిడతది.
తిట్టుకుంటనే ముసలోళ్లు మీసాలల్ల నవ్వుతరు:
"తాత నెత్తురు గదా!
వరదల డోంగ ఏసుకపోయి
అవతలి ఒడ్డుకెళ్లి మంత్రసానిని తోలుకొచ్చిన నెత్తురు."

ఓదెలు ఉమ్మి గొట్టంల తేటగ నిలిచింది.
కొమురెల్లిది
మూడుసార్లు పుక్కిలించినా
ఎర్రగనే దిగింది.
జేబుల పన్నీ. పన్నీల నలిపిన ఖర్రా.
పదిహేనేండ్ల దవడ లోపట
గోరంత తెల్ల మచ్చ.
నీళ్లకు భయపడే పిలగాడని
వాని దిక్కు ఎవలం చూడలే.

"ఇద్దరిదీ ఒక్కటే రాతంటివి, మరి ఇట్లెట్ల?"
డాక్టరమ్మ పెన్ను మూత తీసి, మళ్ల పెట్టింది.
"అదే తెలుసుకుందామని వచ్చిన.
సగమన్న తేలితే చాలు."
గొట్టాలకు నంబర్లు అంటించింది.

నన్ను ఉమ్మమని ఎవలూ అనలే.
పద్నాలుగేండ్లప్పుడు, వంతెన లేని కాలం,
అవతలి ఒడ్డున టూరింగు టాకీసు వచ్చిందని
తాత డోంగ విప్పుకొని పోయిన నేను.
నడిమిట్ల గడ విరిగింది.
చేతులతోనే తెడ్డేసిన.
తెల్లారి మా అయ్య
డోంగకు గొలుసేసిండు.
ఎండకాలం రాకముందే నాకు పెండ్లి చేసిండు.
అప్పుడు తాత నెత్తురని
ఒక్క ముసలోడూ నవ్వలే.

జీపు పోయినంక
కొమురెల్లి జేబు ఖాళీ చేసిన.
మంగళారం దవాఖానకు రమ్మన్న.
తలూపిండు. కొంచెం సేపాగి అడిగిండు:
"గడ విరిగినప్పుడు భయమైందా అత్తా?"

కాలేదురా.
ఇగో, ఇప్పుడైతుంది.