పద్దెనిమిది మీటర్లు

కోఠీ గుజరాతీ గల్లీలో
ఎండ కూడా ఒంటిపక్కకు తిరిగి నడవాలి.
హబీబుల్లా దుకాణం నిండా నల్లటి తీగల చుట్టలు,
పాముల్లా ఉన్నాయని రాద్దామనుకున్నాను,
నిజానికి మాడిన జంతికల్లా ఉన్నాయి.

"యాంటెనా కేబుల్ కావాలి" అన్నాను.
పొడవెంత అని అడుగుతాడనుకుంటే
"మాట ఎంత దూరం పోవాలె?" అన్నాడు.

తెరచాప కొయ్య కొన నుంచి పడవ కడుపు దాకా
పద్దెనిమిది మీటర్లు.
అక్కణ్ణుంచి కాకినాడ రేవులో
రాత్రి డ్యూటీ మనిషి చెవి దాకా ఎంతో
నాకూ తెలియదు.

ముందు సన్నది తీశాడు, పెన్సిల్ కన్నా సన్నం.
"కింద ఇరవై అయిదు వాట్లు పోస్తే
మీదికి పదకొండే ఎక్కుతయ్.
మిగిలింది తీగనే తాగేస్తది.
దీనికి పైసల్ తక్కువ, ప్యాస్ ఎక్కువ."

తర్వాత లావుది, చిటికెన వేలంత.
పదిహేడు వాట్లు పైకి పంపుతుందట.
చేతిలోకి తీసుకుంటే మణికట్టు వాలింది.
నీళ్ల మీద బరువెంత అని కాదు, ఎక్కడ అన్నదే లెక్క.
అడుగున ఉన్న కిలో పడవను నిలబెడుతుంది.
కొయ్య మీదికి ఎక్కిన కిలో
గాలి పక్షాన చేరిపోతుంది.
గొంతు పెంచుకుంటే పడవ ఒరుగుతుంది,
పడవను కాచుకుంటే గొంతు పోతుంది.

సంచీలోంచి పాత ముక్క తీసి బల్ల మీద పెట్టాను.

పోయిన కార్తీకంలో ఉప్పాడ ఎదుట
చుక్కాని విరిగి, చీకటి పడి,
దమయంతి మైకు పట్టుకుని పిలుస్తూనే ఉంది.
రేవుకు వినబడింది బుసబుస శబ్దమేనని
తర్వాత చెప్పారు.
ఒక జాలరి కుర్రాడు మా టార్చిలైటు చూశాడు గనుక
ఈ మధ్యాహ్నం కోఠీలో బేరమాడుతున్నాను.

హబీబుల్లా బ్లేడుతో తొక్క చీల్చాడు.
లోపల రాగి లేదు.
పసరులో కాటుక కలిపినట్టు ఏదో ఉంది.
నలభై ఏళ్లుగా తీగలమ్మినవాడు,
హుస్సేన్ సాగర్ తప్ప మరో పెద్దనీళ్లు చూడనివాడు,
దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసి పీల్చి
"గిదేనా సముద్రం?" అన్నాడు.

కొంచెం, అన్నాను.

హైదరాబాద్ గాలిలో ఉప్పు లేదు,
ఉన్నదంతా ఉస్మానియా బిస్కెట్టులోనే.
ఇక్కడ ఉత్త రాగి అంటగట్టినా
పదేళ్ల దాకా ఎర్రగా నవ్వుతూనే ఉంటుంది.
ఆయన మాత్రం నిచ్చెన ఎక్కి
అటక మీంచి ఇంకో చుట్ట దించాడు.
"మా అబ్బా దేగిశాలకు కళాయి పెట్టేటోడు.
కళాయి లేని రాగిని పులుసు తింటది,
ఆ పులుసు మనల్ని తింటది. ఉప్పు గూడ గంతే."
కోసి చూపించాడు:
ప్రతి పోగుకూ వెండిలాంటి పూత,
చాపలా దట్టమైన అల్లిక.

పదమూడున్నర వాట్లు. కిలో బరువు.
కుదిరిందని చెప్పను. ఒప్పుకున్నాను.

మీటరు కర్ర గోడకు వేలాడుతూనే ఉంది,
ఆయన చేతులు చాచి కొలిచాడు,
పద్దెనిమిది దాటాక ఇంకో మూర వదిలాడు.
"రేడియో ఎనక జర వంపు పెట్టు,
దిగిన నీళ్లు ఆడ్నే జారి పడతయ్.
ఆ మూరకు పైసలొద్దు."

ఆటో అతను చుట్టను చూసి "టీవీ కేబులా, మేడమ్?" అన్నాడు.
ఆ, అన్నాను.
మొజంజాహీ మార్కెట్ దగ్గర అన్ని హారన్లూ ఒకేసారి,
ఒక్కదానికీ జవాబు లేదు.

బాలానగర్ షెడ్డులో పడవ పక్కన దిగాక గుర్తొచ్చింది,
కనెక్టర్లు కొననే లేదు.
రేపు మళ్లీ పోవాలి.
సంచీ వెతికితే పాత ముక్క కూడా లేదు.
బల్ల మీదే వదిలేశానో,
ఆయనే అగరొత్తుల డబ్బా పక్కన దాచుకున్నాడో.