గాలిమర మీద ఫిర్యాదు

ఫిర్యాదు ఒక్క వాక్యమే:
"పక్కింటి గాలిమర రాత్రంతా మూలుగుతోంది."
కింద సంతకం, ఎస్. ఫౌబిస్టర్.

కర్క్‌వాల్‌లో పడవెక్కాను.
ఒళ్ళో శబ్దం కొలిచే యంత్రం,
పసిబిడ్డకు పెట్టినట్టు దానికో బొచ్చు టోపీ.
కౌన్సిల్‌లో నా ఉద్యోగం ఇదే:
ఎవరి చప్పుడు ఎవరి నిద్రలోకి
ఎన్ని డెసిబెల్స్ చొరబడిందో రాసుకు రావడం.

స్ట్రాన్సేలో దారి పొడుగునా చెట్టు కనపడలేదు.
ఆడుకోవడానికి ఆకు దొరక్క
గాలి మనుషుల మీద పడుతుంది.
నా కాగితాల్లో ఒకటి లాక్కుపోయి
ఆవుల మధ్య కూర్చుని తిరగేసింది.

తోరా డ్రీవర్ తలుపు తీసి
"టీ ఇస్తాను గానీ, ఇప్పుడు కాదు" అంది.
గోడ మీద ముల్లు చూపించింది.
ఇరవై ఐదు దాటితే కెటిల్,
ఇరవై ఏడైతే ఇస్త్రీ,
ఇరవై ఎనిమిది తాకిందా, ఇంట్లో దుప్పట్లన్నీ ఉతుకుడే.
ఆవిడకి సోమవారం, మంగళవారం లేవు.
నైరుతి ఉంది, వాయవ్యం ఉంది.

"గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలంటారు మావాళ్ళు"
అన్నాను.
తూర్పార అంటే ఏమిటో చెప్పలేక
వంటింటి మధ్య చేతులెత్తి
లేని చేటలోంచి లేని వడ్లు వదిలాను.
వాళ్ళ నాన్న బార్లీ అలాగే పోసేవాడట.

షెడ్డులో బాటరీలు పన్నెండు.
గేదెలకు కుడితి పెట్టినట్టు
ఒక్కోదానికీ నీళ్ళు పోస్తూ చెప్పింది:
రెక్కలు తనే చెక్కింది,
ఇరుసు పాత లాండ్‌రోవర్‌ది.
"బిగించిందెవరు?"
కాసేపు ఆగి, "స్టాన్లీ" అంది,
కిటికీలోంచి పక్కింటి వైపు చూస్తూ.
ఇద్దరికీ మాటల్లేక పదకొండేళ్ళు.
గొడవ ఒక పొట్టేలు గురించి.
ఆ పొట్టేలు చచ్చే తొమ్మిదేళ్ళయింది.

యంత్రం నిలబెట్టాను.
అది గాలినే కొలిచింది, గాలిమరను కాదు.
చివరికి దాన్ని కట్టేసి
స్తంభానికి చెవి ఆనించాను.
లోపల ఎక్కడో,
అన్నంలో ఇసుక నమిలినట్టు కిరకిర.

ఫౌబిస్టర్ గడప దాటకుండానే చెప్పాడు:
"వెనక బేరింగ్. అక్టోబర్‌లోనే అరిగింది.
వదిలేస్తే ఏదో ఒక పెద్దగాలికి రెక్క ఊడుతుంది.
ఆమెకు చెప్పు."
"మీరే చెప్పచ్చుగా?"
"చెప్పాను కదా. మీకు రాశాను."
చేతిలో గుడ్డ చుట్టిన కొత్త బేరింగ్,
గ్రీజు డబ్బా.

ఇక కంచెకి ఇటూ అటూ
ప్రభుత్వ జీతం మీద నా రాయబారం.
"పొద్దుటికి గాలి పడిపోతుందట, స్తంభం వంచి ఉంచమను."
"పెద్ద పానా తన దగ్గరే ఉందేమో అడుగు."
"ఉంది."
"అదెప్పుడూ నాదేనని చెప్పు."
అది మాత్రం చెప్పలేదు.

సాయంత్రం పడవ రద్దు.
తోరా ఇంట్లోనే పడక.
గాలి పెరిగిన కొద్దీ గాలిమర
తోక మడిచి పక్కకు ఒదిగింది.
బాటరీలు నిండి పొర్లిన కరెంటు
గోడవార హీటర్లోకి మళ్ళింది.
బయట ఎంత ఊళపెడితే లోపల అంత వెచ్చన.
గాలిలో దీపం పెట్టి
దేవుడా నీదే భారం అంటాం మనం.
ఇక్కడ దీపం గాలి తాగే వెలుగుతోంది,
ఆ భారం ఒక అరిగిన బేరింగ్ మోస్తోంది.

మూలుగు నిజమే.
మధ్యరాత్రి లేచి చూస్తే
కంచె అవతల కిటికీలోనూ వెలుతురు.
ఆయన కూడా వింటున్నాడు.
ఆగిందేమోనని.

తెల్లారి సముద్రం అద్దంలా ఉంది.
ఫారంలో డెసిబెల్స్ గడి ఖాళీగానే ఉంది,
ఏం రాయాలో ఆలోచిస్తూ పెన్ను నములుతుంటే
బయట పానా రాతి మీద పడిన చప్పుడు.
ఎవరో తిట్టారు.
ఇంకెవరో తిరిగి తిట్టారు,
గట్టిగానే.

అది నేను కొలవలేదు.