ఎరుపు తీసేసినావిడ

ఓలేసుండ్ రేవులో నాది కాఫీ బండి.
తెల్లవారుజామున అయిదింటికి పడవలవాళ్లు,
ఏడింటికి గాజుమేడలోకి పోయే కంప్యూటర్లవాళ్లు,
పదింటికి ఏ పనీ లేనివాళ్లు.
నీళ్లు కాగేలోపే
అందరి నోటా ఒకటే పేరు ఉడుకుతుంది:
తోర్‌బ్యోర్గ్ ఐక్రెమ్.

సముద్రం అడుగును చూపించే తెర ఉంటుంది కదా ప్రతి పడవలో,
దాన్ని చేసే కంపెనీకి ఆవిడ పెద్ద.
మొన్న చలికాలం పాత ప్రోగ్రాం ఆపేసింది.
రాళ్లకు ఎరుపు రంగుండేది,
తీసేసి బూడిద నీలం పూసింది.
పైగా నెలనెలా అద్దె కట్టమంది.

"వల చిరిగిన చోటల్లా మా నాన్న ఓ గుర్తు పెట్టుకున్నాడు,
ముప్పై ఏళ్ల గుర్తులు" అంటాడు సిగ్‌బ్యోర్న్.
"కొత్తదాంట్లోకి ఎక్కించేసరికి
అన్నీ రెండు వందల మీటర్లు ఉత్తరానికి జరిగాయి.
సముద్రాన్ని జరిపిన మనిషిని ఇప్పుడే చూస్తున్నా."
నవ్వుతాడు.
కప్పు మాత్రం బల్ల అదిరేలా పెడతాడు.

ఈసెలిన్‌కి ఇరవై ఆరు.
ఆ కోడ్ రాసిన చేతుల్లో తనవీ రెండు.
"పాతది చిక్కుపడ్డ వల.
ఒక ముడి విప్పితే పది పడేవి.
వేసినవాళ్లలో సగం మంది పింఛన్లో, సగం మంది మట్టిలో.
ఎవరో ఒకరు కొయ్యాలిగా!
కానీ శుక్రవారం సాయంత్రం కొయ్యమంది.
శుక్రవారం ఎవరైనా కోస్తారా?"

పళ్ల డాక్టర్‌కి కంపెనీలో వాటాలున్నాయి.
ఆయనకు ఆవిడ దేవత,
మార్చి దాకా.

బళ్లో ఆటలు నేర్పిన ముసలాయన ఒకడు,
పడవెక్కితే కక్కుకునే మనిషి,
రంగుల గురించి అరగంట మాట్లాడి
చివరికి తేల్చేశాడు:
"చిన్నప్పుడే తెలుసు నాకు.
బంతి ఎవరికీ అందించేది కాదు."

కుండకైతే మూకుడు వెతకొచ్చు.
రేవుకి ఎక్కడ తెస్తాం?

ఆర్న్‌ఫిన్ కూడా తిడతాడు అందరితో కలిసి,
కొత్త అలారం చెవులు చిల్లులు పడేలా అరుస్తుందని.
కానీ ఫిబ్రవరిలో ఒక రోజు,
బండి కట్టేసే వేళకి ఒక్కడే వచ్చాడు.
తాగలేదు, కూర్చోలేదు.
పొగమంచులో చుక్కాని దగ్గర కునుకు పట్టిందట,
కళ్లు తెరిచేసరికి బూడిద నీలం రాయి
పడవ ముక్కు కింద ఉందట.
అరిచింది ఆ దిక్కుమాలిన అలారమేనట.
"ఎవరికీ చెప్పకు" అన్నాడు.
మర్నాడు అందరికన్నా గట్టిగా తిట్టాడు.

మంగళవారం ఆవిడే వచ్చింది,
గొడుగు లేకుండా.
బల్లల దగ్గర మాటలు
దీపం ఆర్పినట్టు ఆగిపోయాయి.
ఒకాయన తన బూటు వైపే చూస్తూ కూర్చున్నాడు,
అది ఇప్పుడే మొలిచినట్టు.
డబ్బు తీసుకునే నా మిషన్
ఆవిడ కార్డుని మూడుసార్లు వద్దంది.
వెనక వరస పెరుగుతోంది.
జేబులన్నీ తడిమి
చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది,
చలికి వేళ్లు సరిగ్గా వంగక
ఒక నాణెం జారి చెక్కల సందులోంచి నీళ్లలో పడింది.

"ఏమనుకుంటున్నారు వీళ్లు?" అంది మెల్లగా.
ఆర్న్‌ఫిన్ మాట నాలుక చివరిదాకా వచ్చింది.
మూల బల్ల దగ్గర అతని వీపు నాకు కనిపిస్తోంది.
"రేపు గాలి తిరుగుతుందంటున్నారు" అన్నాను.
తల ఊపింది.
నమ్మలేదని ఇద్దరికీ తెలుసు.

ఆవిడ వంతెన దాటకముందే
సిగ్‌బ్యోర్న్ బండి మీదకి వంగాడు.
"ఏం తాగింది?"
"పాలు లేని కాఫీ."
"చూశావా!" అన్నాడు వెనక్కి తిరిగి,
అందరికీ వినపడేలా.
అందరూ తలలూపారు.