బొట్టు పెట్టి పిలిచే చెయ్యి

డండీలో నవంబరు. నాలుక్కే చీకటి.
టే నది మీంచి వచ్చిన పొగమంచు
ల్యాబ్ కిటికీకి మొహం ఆనించి నిలబడింది.
లోపల ఇంక్యుబేటర్లో, ముప్పైమూడు డిగ్రీల దగ్గర,
ఇప్పుడు ఎవరివీ కాని కొన్ని లక్షల కణాలు.

రెండో క్రోమోజోమ్ పొడుగు చేతి మీద ఒక జన్యువు.
పేరు మూడక్షరాలు, ఒక అంకె.
అది రాసే ఎంజైము చేసేది
మా పేటలో పేరంటం పిలుపుల పిన్ని పనే.

కేంద్రకంలో మచ్చల్లాంటి గదులు.
ఎక్కడ కత్తిరించాలో ఎక్కడ అతకాలో తెలిసిన ప్రోటీన్లు
ఆ గదుల్లో గుంపుగా కూర్చుని ఉంటాయి.
బొట్టు పెట్టి పిలిస్తే గానీ కదలవు.
ఇది వెళ్ళి ఒక్కొక్క సెరీన్ నుదుటా
ఫాస్ఫేటు బొట్టు పెడుతుంది.
అప్పుడు లేస్తాయి, కొంగు బిగించి.

ఆర్‌ఎన్‌ఏ వస్తూనే ఉంటుంది, పొడుగ్గా,
నూటికి తొంభై అక్కర్లేని మాటలతో.
ఇక్కడ తెంపు. అక్కడ కలుపు.
ఈ ముక్క ఉంచు... కాదులే, ఈసారికి వదిలెయ్.
అదే పోగు, గుండెకో నేత, మెదడుకో నేత.

మోరాగ్ నవ్వుతుంది నా పోలికలకి.
ఆవిడ ముత్తవ్వ ఈ ఊరి జనపనార మిల్లులో
మగ్గాల రొదకి చెవులు పోయి
పెదాలు చూసే కబుర్లాడేదట.
మా మామ్మ చిట్టివలస మిల్లులో తెగిన పోగులు కలిపేది.
రెండు వేళ్ళు, ఒక మెలిక.
ముడి కనబడిందా, సగం కూలి కోత.
"కనబడకుండా ఎలా?" అంది మోరాగ్.
గ్లవ్స్ తీసి, పార్సిల్ పురికొస తెంపి చూపించబోయాను.
కుదర్లేదు.
అది ఏ క్రోమోజోమ్ మీదా రాసి లేదు మరి.

సోమవారం మందు వేశాం, ఎంజైము చేతులు కట్టేసే మందు.
బొట్లు చెరిగాయి.
ప్రోటీన్లు వెనక్కెళ్ళి గదుల్లో కూర్చున్నాయి.
గెల్ మీద చారలన్నీ అడ్డదిడ్డం.
ఇదంతా అనుకున్నదే.

చదివి ఉండీ, కళ్ళారా చూసేదాకా నమ్మనిది ఇంకోటి.
ఆ జన్యువు తన సందేశాలు కొన్ని
సగం కుట్టి ఆపిన రవికల్లా
కేంద్రకంలో ముందే దాచుకుంది.
చేతులు కట్టేశాక
అవి గబగబా పూర్తయ్యాయి.
కట్టేసిన చేతుల వెనకే
కొత్త చేతులు.

మరి వాటిని ఎవరు పిలిచారు?
పిలిచేదాన్నే కదా కట్టేశాం.
మోరాగ్‌ని అడిగితే
గెల్ ఫొటో మీద తేదీ వేసి,
"కెటిల్ పెట్టనా?" అంది.

చలికి ఈ ఎంజైము ఇంకా చురుకు.
ఒంటి వేడి ఒక్క డిగ్రీ తగ్గినా చాలు,
బొట్లు పెరుగుతాయి.
నావి మాత్రం కొంకర్లు పోయాయి, బస్టాపులో.
మఫ్లర్ పోగు ఒకటి తెగి వేలాడుతోంది.
చీకట్లో, చూడకుండానే కలిపాను:
రెండు వేళ్ళు, ఒక మెలిక.
బస్సు వచ్చాక తడిమి చూసుకున్నాను.

వేలికి తగిలింది ముడి.
సగం కూలి.