మోకాళ్ల దాకా

ఉదయం ఆరుంపావుకే రమ్మన్నారు.
నల్లగండ్లలో వెలుగు అప్పుడే బాగుంటుంది.
ఎనిమిదైతే ఎదురు టవరు నీడ వచ్చి
ఈ టవరు మొహం మీద దుప్పటి కప్పేస్తుంది.

పెళ్లిళ్లు తీసేవాణ్ణి. ఇప్పుడు ఇళ్లు తీస్తున్నాను.
ఇళ్లే నయం, సరిగ్గా నొక్కేటప్పుడు కళ్లు మూయవు,
రెండో బంతిలో కూర్చోబెట్టారని అలగవు.
ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు గానీ
రెండూ ఫొటో తీసి చూడమని
ఏ పెద్దమనిషీ అనలేదు.

పద్నాలుగు ఎమ్మెమ్ లెన్సు పెడితే
పదడుగుల గది పద్దెనిమిది అవుతుంది.
మూలకి నక్కి, గోడకి వీపు ఆనించి,
పొట్ట లోపలికి పీల్చి నొక్కుతాను.
నా పొట్ట పట్టని ఆ ఇరుకు ఒక్కటే
ఫొటోలో పడదు.

పావురాల వల తీసేస్తాను, ట్యాంకరు పైపు తీసేస్తాను,
ఎవరో ఆరేసి మరిచిపోయిన గళ్ల లుంగీ కూడా.
ఆకాశం బాగా లేకపోతే మార్చేస్తాను.
నా దగ్గర మూడు ఆకాశాలున్నాయి.
ఈ కమ్యూనిటీ మీద ఉన్నది
రెండేళ్ల కింద సూర్యలంక బీచిలో తీసింది.

బీ బ్లాకు మూడొందల నాలుగులో
పొయ్యి వెనక టైలు మీద నూనె మరక.
కవిత్వానికి పనికొచ్చే ఆకారమేమీ లేదు దానికి,
ఉత్త మరక.
తుడిస్తే పోలేదు. పక్క టైలు తెచ్చి దాని మీద అతికించాను.
వచ్చేవాళ్లు మొదటిరోజే చూస్తారు,
అప్పటికి రెణ్ణెల్ల అడ్వాన్సు కట్టేసి ఉంటారు.

ఆఖరున ఈతకొలను.
లీజింగు చూసే కిరీటి అన్నాడు:
"ఉత్త నీళ్లయితే చచ్చినట్టుంది బాస్.
ఎవరో ఒకరుండాలి. ఎవరో తెలియకూడదు."

ఆ వేళకి ఎవరుంటారు?
వాచ్‌మన్ కుర్మయ్య బిడ్డ శివలీల,
ఏడో తరగతి, తోట కొళాయి దగ్గర
బిందె నింపుకుంటోంది.

గట్టు మీద కూర్చోమంటే తండ్రి వైపు చూసింది.
కుర్మయ్య బోర్డు వైపు చూశాడు.
నివాసితులకు మాత్రమే.
తర్వాత కిరీటి వైపు. కిరీటి ఫోను చూసుకుంటున్నాడు.
"ఏం గాదు, సారే చెప్తుండు గద. కూసో."

చెప్పులు విడిచి ఒకదాని పక్కన ఒకటి పెట్టి
కాళ్లు దింపింది. "సల్లగుంది" అంది, ఎవరితోనో.
ఫ్రేము మోకాళ్ల దాకా కట్టాను,
గౌను అంచు రాకుండా.
ఎడమ కాలికి నల్లదారం. తీసేద్దామనుకున్నాను,
ఎందుకో ఉంచేశాను.

నలభై నొక్కాను. ముప్పై దాటాక
నేను చెప్పకుండానే కాళ్లాడించింది.
నీళ్లు లేచాయి. ఎండ ముక్కలైంది.
వాడుకున్నది ఆ ఒక్కటే.

తెర మీద చూపిస్తే వంగి వెతికింది.
"నేనేదీ?"
"ఇవిగో."
"ఇవి కాళ్లే గద."

ఆ కాళ్లకే ఫోన్లు వచ్చాయట. నెల తిరక్కుండా
బీ బ్లాకు నిండింది.
సీ బ్లాకు తీయడానికి వెళ్తే
గేటు తీస్తూ కుర్మయ్య గొంతు తగ్గించాడు:
"బిడ్డది మొకం వచ్చింది ఒక్కటన్న ఉన్నదా సార్?
బడిల పాస్‌పోర్ట్ సైజు అడిగిండ్రు."

అక్కడే నిలబడి నలభై తిరగేశాను.
నలభైకి నలభై, మోకాళ్ల దాకా.

పంపు గది తెల్లగోడకి నిలబెట్టాను.
లెన్సు మార్చాను, వెడల్పుది మొహాన్ని సాగదీస్తుంది.
చెవులు రెండూ కనబడాలన్నాను,
జడలు వెనక్కి వేసుకుంది.
"ఈసారి కాళ్లు రావు గద?"
రావన్నాను.
అయినా చెప్పులు విడిచి
పక్కన పెట్టి
నిలబడింది.