ముప్ఫై ఏడో సీసా

రెండు ఆదివారాలు చదివిండ్రు అయ్యగారు
చర్చిలో మా ఇద్దరి పేర్లు.
అభ్యంతరం ఉన్నోళ్లు చెప్పుకోవచ్చన్నప్పుడు
వెనక బెంచీలో ఎవరిదో పసిపాప తుమ్మింది,
అందరూ నవ్విండ్రు.
మూడో ఆదివారం
ఆ కాగితం ఆయన జేబులోనే ఉండిపోయింది.

అభ్యంతరం అతనిదేనట.
శనివారం రాత్రి ఫోన్ల నాలుగు ముక్కలు,
నల్లగొండ క్లాక్ టవర్ కాడ ఆటో దిగుకుంట విన్న.
చిల్లర తీసుకునుడు మర్చిపోయిన.
ఆటో ఆయన వెనక్కి పిలిచి మరీ
ఇరవై రూపాయలు చేతిల పెట్టిండు.
ఆ రాత్రి నాకెవరన్నా తిరిగి ఇచ్చింది అదొక్కటే.

రెండేండ్లయింది.
పరలోక ప్రార్థనల ఒక్క మాట కాడ
నా పెదవులు మూతపడతయి.
రొట్టె అడుగుత. శోధన వద్దంట.
నడుమనున్న ఆ మాట అందరూ అంటుంటె
కాలి వేళ్ల దిక్కు చూస్త.
పక్కనే నిలబడ్డ అమ్మ
నా మౌనం వింటది. ఏమనదు.
ఇంటికొచ్చినంక మాత్రం
చారుల ఉప్పు ఎక్కువైతది.

నా కొలువు నీళ్లు పరీక్షించుడు.
ఊరూరి నుంచి సీసాలొస్తయి, మెడకు చీటీలు కట్టుకొని.
ఎర్రమందు కలుపుత.
ఎరుపు ఎంత వెలిసిపోతే
ఆ నీళ్లల్ల అంత ఫ్లోరైడ్.
ఉత్తగ చూస్తే ఏం తెల్వదు. తేటగనే ఉంటయి.
మా నానమ్మ తేట నీళ్లే తాగింది నలభై ఏండ్లు;
చివరికి ఆమె ఆకాశం చూడాల్నంటే
ఇత్తడి పళ్లెంల నీళ్లు పోసి
నేల మీద పెట్టేటోళ్లం.

నాదీ అసుంటిదేనని ఎవరికి చెప్పుదు?
రోజుకొక గ్లాసు. తేటగ.
పండ్లకు గార పట్టలే, నడక వంకర పోలే,
టైముకు డ్యూటీకి పోతనే ఉన్న.
బొక్కల్ల మాత్రం ఏదో గట్టిపడుతుంది.

మొన్న మంగళవారం, ముప్ఫై ఏడో సీసా.
చీటీ మీద అతని ఊరు.
‘బడి వెనక బోరు’ అని రాసుంది.
ఆ బోరు నాకు ఎరుకే.
ప్రధానం నాడు వాళ్ల అక్క
నా కాళ్లకు పోసింది ఆ నీళ్లే.
ఎండకాలంల అతనికి ఆడపిల్ల పుట్టిందని
ఎవరో చెప్పంగ విన్న, విననట్టున్న.

మందు కలిపిన.
చూస్తుండంగనే ఎరుపు పోయింది.
నాలుగు పాయింట్ రెండు.
ఒకటిన్నర దాటితేనే తాగొద్దంటం.

అబద్ధమెందుకు, ఒక నిమిషం పట్టింది.
పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ల తీసి.
తప్పుడు అంకె రాయాల్నని కాదు.
సీసాను వరుసల జర వెనక్కి జరిపితే చాలు,
నెల దాకా ఎవరూ అడగరు.
నెలకు పసిపిల్ల ఎన్ని ఉగ్గుగిన్నెలు తాగుతది?
లెక్క కట్టుడే నా ఉద్యోగం.
కట్టలేకపోయిన.

సిలువ మీది ఆయన క్షమాపణ
గుర్తొచ్చిందంటే బాగుంటది.
రాలే.
ఆయన దప్పిక గుర్తొచ్చింది.
దాహమన్న ఆ నోటికి
పులిసిపోయినదాన్ని అందించిన చెయ్యి
గుర్తొచ్చింది.
నా చెయ్యి దిక్కు చూసుకున్న.

అంకె రాసిన. సంతకం పెట్టిన.
అక్కడితో ఊకోవచ్చు.
ఏఈ సారుకు ఫోన్ చేసిన:
ఇయ్యాళనే ఆ బోరుకు ఎర్రరంగు ఏయించుండ్రి సార్,
ట్యాంకరన్నా పంపుండ్రి, చిన్నపిల్లలున్నరు.
‘మీ వాళ్లున్నరా ఆ ఊళ్లె?’ అన్నడు.
లేరు సార్, అన్న.
జరసేపాగి,
ఉన్నరు, అన్న.

ఆదివారం ఆ మాట కాడికి వచ్చేసరికి
గొంతు సగమే పలికింది.
పేరులోనే దయ పెట్టుకున్నోడు, దయాకర్,
అతని ముఖం కండ్లల్లకు వచ్చింది,
ఈసారి ఒంటరిగ కాదు, చంకల బిడ్డతోని.
మిగిలిన సగం ఆయన కాడనే ఉంది,
పై ఆయన కాడ.
తొందరేం లేదన్నట్టే ఉన్నడు.

ఇంటికొచ్చి అమ్మ చారు పోసింది.
ఉప్పు సరిపోయిందా బిడ్డా, అనడిగింది.
సరిపోయిందమ్మా, అన్న.
నిజానికి జర తక్కువే.